తేదీలన్నీ కంఠస్థం, వ్యాసం మాత్రం కుదరడం లేదు

ప్రశ్న: పాఠశాల చివరి రెండేళ్ల ఉన్నతస్థాయి కోర్సులో ఆధునిక అంతర్జాతీయ చరిత్రను ప్రధాన సబ్జెక్టుగా తీసుకున్నాను. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ప్రచ్ఛన్న యుద్ధం దాకా తేదీలు, సంధులు, నాయకుల పేర్లు అన్నీ నోటికి వచ్చు. అయినా నేను రాసిన ప్రతి వ్యాసమూ "కథ చెప్పారు, వాదించలేదు" అన్న వ్యాఖ్యతోనే తిరిగి వస్తోంది. ఆధారాల పేపరులో నాలుగు పత్రాలిచ్చి ఏది ఎంత నమ్మదగినదో చెప్పమంటే, "రాసిన వ్యక్తి అమెరికన్ కాబట్టి పక్షపాతం ఉంటుంది" అనడం తప్ప ఇంకేమీ తోచదు. పైగా ఒక్కో చరిత్రకారుడు ఒక్కో మాట చెబుతాడు. తేదీల బట్టీ మానేసి "విశ్లేషణ" నేర్చుకోమని స్నేహితులు అంటున్నారు. ఈ సబ్జెక్టు నాకు పడదేమో, ఇప్పుడే మార్చుకోవడం మంచిదా?

సమాధానం: మీ స్నేహితులు సదుద్దేశంతోనే చెప్పి ఉంటారు గానీ, ఆ సలహాను పాటించకండి. తేదీలు తెలియని విశ్లేషణ ఈ సబ్జెక్టులో రెండు వాక్యాలు దాటి ముందుకు సాగదు. మీ దగ్గర తేదీలున్నాయి. వాటితో మీరు పని చేయించుకోవడం లేదు, అంతే. మీరు రాసిన మూడు ఇబ్బందులూ, అంటే వ్యాసం కథలా మారిపోవడం, ఆధారాల పేపరులో పెన్ను కదలకపోవడం, చరిత్రకారుల భిన్నాభిప్రాయాల మధ్య తికమకపడడం, వేర్వేరుగా కనిపిస్తున్నా ఒకే అలవాటు లేకపోవడం వల్ల వచ్చినవని నాకు అనిపిస్తోంది. ఏ తేదీ ఎదురైనా "ఆ రోజున ఎవరికి ఏమి తెలుసు, ఏమి తెలియదు?" అని అడగడమే ఆ అలవాటు. ఇది వినడానికి చిన్న ప్రశ్నే గానీ, దీన్ని ఒక నెల రోజుల ఘటనల మీద పట్టుదలగా ప్రయోగిస్తే ఏమవుతుందో 1914 జూలై మీద చూద్దాం.

మీ నోట్సులో ఆ నెల బహుశా ఇలా ఉండి ఉంటుంది: జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా సింహాసన వారసుడు ఆర్చ్‌డ్యూక్ ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య, జూలై 5, 6 తేదీల్లో ఆస్ట్రియాకు జర్మనీ బేషరతు హామీ, జూలై 23న సెర్బియాకు ఆస్ట్రియా అల్టిమేటం, 28న యుద్ధ ప్రకటన, 30న రష్యా సర్వ సైనిక సమీకరణ, ఆగస్టు 1న రష్యా మీద జర్మనీ యుద్ధ ప్రకటన. ఇందులో తప్పేమీ లేదు. దీన్ని యథాతథంగా వాక్యాల్లో పెట్టి, మధ్యమధ్య "ఆ తర్వాత", "దీంతో" అన్న మాటలు చేరిస్తే మీ అధ్యాపకులు చూస్తున్న వ్యాసం తయారవుతుంది. ఇప్పుడు ఇదే జాబితాను మన ప్రశ్నతో తిరగేయండి. హత్య జూన్ 28న జరిగితే అల్టిమేటం జూలై 23 దాకా ఎందుకు ఆగింది? ఫ్రెంచి అధ్యక్షుడు పొయింకారే, ప్రధాని వివియానీ అప్పుడు రష్యా పర్యటనలో ఉన్నారు. వారు సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఓడ ఎక్కి సముద్రం మీద ఉండగా అల్టిమేటం అందేలా వియన్నా, అంటే ఆస్ట్రియా ప్రభుత్వం, ముహూర్తం చూసుకుంది. మిత్రదేశాలైన ఫ్రాన్స్, రష్యా ముఖాముఖి కూర్చుని మాట్లాడుకునే అవకాశం లేకుండా చేయాలన్నది ఆలోచన. ఒక్క తేదీని ఇలా విప్పితేనే ఆస్ట్రియా ఉద్దేశం గురించి ఒక వాదన దొరికింది: ఆవేశంలో దూకిన దేశం ఇంత లెక్క చూసుకోదు.

ఇంకొంచెం ముందుకు వెళ్లండి. జూలై 6న నార్వే తీరానికి నౌకావిహారం వెళ్లిన జర్మన్ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ 27న గానీ తిరిగి రాలేదు. సెర్బియా ఇచ్చిన జవాబును ఆయన 28 ఉదయం చదివి, ఇక యుద్ధానికి కారణమేమీ మిగల్లేదని దాని కింద రాశాడు. ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది కూడా అదే రోజు. ఆ తర్వాత రెండు రోజుల్లో ఒకవైపు ఛాన్సలర్ బేత్‌మన్ హాల్వెగ్ మధ్యవర్తిత్వానికి ఒప్పుకోమని వియన్నాకు తంతి పంపుతుంటే, మరోవైపు జర్మన్ సైన్యాధిపతి మోల్ట్కే వెంటనే సైన్యాన్ని సమీకరించమని అదే వియన్నాను తొందరపెట్టాడు. రష్యాలోనూ ఇంతే: జార్ నికొలస్ 29న సర్వ సమీకరణకు ఒప్పుకుని, కైజర్ తంతి అందుకుని అదే రాత్రి వెనక్కి తీసుకుని, 30 మధ్యాహ్నం మళ్లీ ఒప్పుకున్నాడు. పాఠ్యపుస్తకాలు "జర్మనీ నిర్ణయించింది", "రష్యా నిర్ణయించింది" అని రాస్తాయి. స్థలాభావం వల్ల అలా రాయక తప్పదు కూడా. కానీ ఆ రోజుల్లో బెర్లిన్‌లో ఒకే మనసు లేదని గ్రహించిన విద్యార్థి, యుద్ధ బాధ్యత గురించి అడిగిన ఏ ప్రశ్నకైనా కథను దాటి రాయగలుగుతాడు.

పరీక్ష కాగితం మీద ఈ తేడా ఎలా కనిపిస్తుందో చూపిస్తాను. ప్రశ్న "1914లో యుద్ధం రావడానికి ప్రధాన బాధ్యత జర్మనీదేనా?" అనుకోండి. మీరిప్పుడు రాస్తున్న తరహా పేరా ఇలా ఉంటుంది: "జూలై 5న జర్మనీ ఆస్ట్రియాకు బేషరతు హామీ ఇచ్చింది. ఆ తర్వాత జూలై 23న ఆస్ట్రియా అల్టిమేటం పంపింది. సెర్బియా దానిలోని చాలా షరతులకు ఒప్పుకుంది. అయినా ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది." ఈ నాలుగు వాక్యాలూ నిజాలే, కానీ పరీక్షకుడు అడిగినదానికి వీటిలో జవాబు లేదు, జవాబును ఆయనే వెతుక్కోవాలి. అదే సమాచారంతో మరో పేరా: "జర్మనీ బాధ్యతలో అత్యంత బరువైన భాగం జూలై 5, 6 తేదీల హామీయే, ఎందుకంటే ఆస్ట్రియా ఏమి చేయబోతోందో పూర్తిగా తెలియకముందే, దాని పర్యవసానాలన్నింటికీ బెర్లిన్ పూచీపడింది. అయితే జూలై చివరి వారంలో కైజర్, ఛాన్సలర్ ఇద్దరూ వెనక్కి లాగడానికి చేసిన ప్రయత్నాలు చూస్తే, ముందుగా వేసుకున్న పథకం ప్రకారమే ఐరోపా యుద్ధాన్ని తెచ్చిపెట్టారన్న వాదన నిలబడడం కష్టం. బాధ్యత నిర్లక్ష్యానిదా, కుట్రదా అన్నది తేల్చాలంటే ఈ రెండు వారాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి." రెండో పేరాలో కొత్తగా చేరిన సమాచారం చాలా తక్కువ. మొదటి వాక్యమే తీర్పు చెప్పింది, తేదీలు దానికి సాక్ష్యం పలికాయి, ఎదుటి వాదనకూ చోటు దొరికింది. మీ పాత వ్యాసాల్లోంచి ఒక పేరా తీసుకుని ఇదే పని చేసి చూడండి. కొత్త వ్యాసం రాయడం కన్నా దీనివల్లే మీకు ఎక్కువ లాభం.

కథ ఎక్కడ మొదలుపెడుతున్నారో కూడా గమనించుకోండి. 1948 జూన్ 24న సోవియట్ యూనియన్ పశ్చిమ బెర్లిన్‌కు రోడ్డు, రైలు, జల మార్గాలను మూసివేసిందని వ్యాసం మొదలుపెడితే స్టాలిన్ దురాక్రమణ మీద మీ తీర్పు సగం రాసేసినట్టే. ఆరు రోజులు వెనక్కి వెళ్లి జూన్ 18న పశ్చిమ దేశాలు తమ అధీనంలోని జర్మనీ ప్రాంతాలకు కొత్త కరెన్సీ ప్రకటించిన దగ్గర మొదలుపెడితే, అదే దిగ్బంధం ఒక ప్రతిచర్యగా కనబడుతుంది. అంతకుముందు లండన్ సమావేశాల్లో పశ్చిమ జర్మనీ రాజ్యస్థాపనకు సాగిన సన్నాహాల దాకా వెళితే చిత్రం ఇంకా మారుతుంది. 1945లో తూర్పు ఐరోపాలో జరిగినదాని దాకా వెళితే మళ్లీ మరోలా తిరుగుతుంది. ఇందులో ఏదో ఒకటే సరైన మొదలు అని నేను అనడం లేదు. మీరు ఎంచుకున్న మొదలు ఫలానా అని, ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యంలో చెప్పగలిగితే, ఆ వాక్యమే "వాదించలేదు" అన్న వ్యాఖ్యకు జవాబు. 1949 మే 12న దిగ్బంధం ఎత్తివేశారు; విమానాల ద్వారా చేరవేసిన సరుకు మొత్తం సుమారు 23 లక్షల టన్నులు. ఈ అంకెను విద్యార్థులు చాలామంది ఇష్టంగా రాస్తారు. ఎవరు మొదలుపెట్టారన్నది ప్రశ్న అయినప్పుడు దానితో పని లేదు, రాయకండి. తెలిసినదాన్ని రాయకుండా వదిలేయగలగడం కూడా ఈ పేపరులో మార్కులు తెస్తుంది.

ఇక ఆధారాల పేపరు. "అమెరికన్ కాబట్టి పక్షపాతం" అన్న వాక్యాన్ని మీ నోట్సు నుంచి పూర్తిగా తీసేయండి. ప్రతి పత్రాన్నీ ఎవరో ఒకరు ఏదో ఒక దేశంలోనే రాస్తారు కాబట్టి, ఆ వాక్యం అన్నిటికీ వర్తించి దేని గురించీ ఏమీ చెప్పదు. బదులుగా ఒక్క సంఘటనను దగ్గరగా చూద్దాం. 1962 అక్టోబర్ 27, శనివారం. క్యూబా మీద అమెరికన్ యూ-2 గూఢచారి విమానం కూలిపోయిన రోజు. ఆ సాయంత్రం వాషింగ్టన్‌లో అధ్యక్షుడి తమ్ముడు, అటార్నీ జనరల్ అయిన రాబర్ట్ కెనడీ తన కార్యాలయంలో సోవియట్ రాయబారి అనతోలీ దోబ్రినిన్‌ను కలిశాడు. మర్నాడు, క్యూబాలో తాము పెట్టిన క్షిపణులు తీసేస్తున్నట్టు సోవియట్ నాయకుడు క్రుష్చేవ్ ప్రకటించాడు. టర్కీలో అమెరికా పెట్టిన జూపిటర్ క్షిపణులు 1963 ఏప్రిల్ కల్లా అక్కడి నుంచి వెళ్లిపోయాయి. ఈ రెంటికీ మధ్య బేరం జరిగిందా లేదా అన్నది ఆ గదిలోని ఇద్దరి మాటల మీద ఆధారపడింది.

రాబర్ట్ కెనడీ జ్ఞాపకాలు ఆయన హత్య తర్వాత 1969లో పుస్తకంగా వచ్చాయి. బేరమనేదేదీ ఉండదని తాను స్పష్టం చేశానని, అయితే ఆ క్షిపణులను తీసేయాలన్న ఆలోచన అధ్యక్షుడికి ఎప్పటి నుంచో ఉందని మాత్రం చెప్పానని అందులో ఉంది. దోబ్రినిన్ అదే రాత్రి మాస్కోకు పంపిన తంతి 1990లలో వెలుగులోకి వచ్చింది. టర్కీ విషయంలో అధ్యక్షుడికి దాటలేని ఇబ్బంది ఏమీ లేదని, నాలుగైదు నెలల వ్యవధి కావాలని, కానీ బహిరంగంగా ఏమీ చెప్పలేమని కెనడీ అన్నట్టు అందులో ఉంది. మరి ఎవరిని నమ్మాలి? 1989లో మాస్కోలో జరిగిన ఒక సమావేశంలో, ఆ జ్ఞాపకాలకు సంపాదకత్వం వహించిన థియోడర్ సోరెన్సెన్, మూల డైరీలో టర్కీ విషయం ఒప్పందంలో భాగమని స్పష్టంగా ఉందని, అప్పటికి అది రహస్యం కాబట్టి తానే దాన్ని మార్చానని ఒప్పుకున్నాడు.

ఈ మూడు ఆధారాల్లోనూ మన పాత ప్రశ్నే పనిచేస్తుంది. 1962లో ఈ విషయం తెలిసినవారు వైట్‌హౌస్‌లోనే బహు కొద్దిమంది. 1969 నాటికి కూడా పుస్తకం చదివే అమెరికన్‌కు తెలియదు, తెలియకూడదని అనుకున్నారు. కాబట్టి ఆ పుస్తకం సమావేశంలో ఏమి జరిగిందన్నదానికి బలహీనమైన ఆధారమే గానీ, అమెరికా ప్రభుత్వం తన ప్రజలకు ఏమి నమ్మించదలచుకుందన్నదానికి చాలా బలమైన ఆధారం. దోబ్రినిన్ తంతి అదే రాత్రి రాసింది, ప్రచురణ కోసం రాసింది కాదు, ఇవి దాని బలాలు. తాను సాధించినదాన్ని పైవారికి కొంచెం పెద్దదిగా చూపించుకోవాలన్న తాపత్రయం ఏ రాయబారికైనా ఉండవచ్చు, అది దాని బలహీనత. ఒకే పత్రం ఒక ప్రశ్నకు పనికిరాక మరో ప్రశ్నకు అమూల్యం కావడం మీకు ఒకసారి అర్థమైతే, "నమ్మదగినదా?" అని అడిగినప్పుడు "దేని విషయంలో?" అని మొదట మీరే తేల్చుకుంటారు. పత్రం మీద ముద్రించిన తేదీ, రచయిత, ఎవరిని ఉద్దేశించి రాశారన్న వివరం, ఈ మూడింటినీ అసలు వాక్యాలకన్నా ముందు చదవండి. చాలామంది వాటిని అలంకారంగా భావించి దాటేస్తారు.

చరిత్రకారుల సంగతికి వస్తే, వారిని నమ్మడం, నమ్మకపోవడం అన్న చర్చ అవసరమే లేదు. వారికీ అదే ప్రశ్న వేయండి: ఈయన రాసేనాటికి ఈయన చేతిలో ఏ కాగితాలున్నాయి? హిట్లర్‌తో 1938లో కుదిరిన మ్యూనిక్ ఒప్పందం, యుద్ధం తప్పించుకోవడానికి అతడి కోరికలకు తలొగ్గిన బ్రిటన్ బుజ్జగింపు విధానం దీనికి నేను చూసిన ఉదాహరణల్లోకెల్లా స్పష్టమైనవి. 1940లో ఫ్రాన్స్ కూలిపోయిన వేళ బ్రిటన్‌లో రాసినవారికి ఆ విధానాన్ని నడిపిన ప్రధాని చేంబర్లిన్ దోషిగా కనిపించకపోతేనే ఆశ్చర్యం. ఆ కోపంలో తప్పు లేదు, కానీ వారికి మంత్రివర్గ పత్రాలు అందుబాటులో లేవు. ప్రభుత్వ పత్రాలను 50 ఏళ్ల పాటు మూసి ఉంచాలన్న నియమాన్ని 1967 చట్టంతో 30 ఏళ్లకు కుదించాక, 1930ల నాటి కాగితాలు ఒక్కసారిగా బయటికి వచ్చాయి. జర్మనీ, ఇటలీ, జపాన్‌లతో ఒకేసారి యుద్ధం వస్తే తట్టుకోలేమన్న సైనికాధిపతుల హెచ్చరికలు, ఖజానా ఆందోళనలు, ఐరోపా యుద్ధంలో దిగడానికి కెనడా, ఆస్ట్రేలియా వంటి స్వపరిపాలిత డొమినియన్ల అనిష్టత అన్నీ వాటిలో ఉన్నాయి. దాంతో మరో తరం చేంబర్లిన్‌ను చేతులు కట్టేసిన మనిషిగా చూసింది. ఆ తర్వాతివారు అవే కాగితాలు మళ్లీ చదివి, హెచ్చరికలు నిజమే గానీ ఆయనకు వేరే దారులు కూడా ఉన్నాయని, వాటిని ఆయనే తోసిపుచ్చాడని వాదించారు. ఈ మూడు వాదాలనూ పేర్లతో సహా ఏకరువు పెట్టడం కన్నా, వాటిలో ఒకటి మరొకదానికి ఎందుకు చోటిచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పడం మేలు.

కొన్నిసార్లు కాగితం దొరికినా తగువు తీరదు. 1961లో ఫ్రిట్జ్ ఫిషర్ అనే జర్మన్ చరిత్రకారుడు, జర్మనీ యుద్ధ లక్ష్యాలను ఏకరువు పెట్టిన 1914 సెప్టెంబర్ 9 నాటి పత్రాన్ని చర్చకు కేంద్రం చేసి, ఆ దేశంలో పెద్ద దుమారమే రేపాడు. దాని తేదీని చూడండి: యుద్ధం మొదలై అప్పటికి నెల దాటింది. యుద్ధంలోకి దిగాక రాసుకున్న కోరికల జాబితా, దిగకముందు ఉన్న ఉద్దేశానికి రుజువు అవుతుందా? ఫిషర్ విమర్శకులు పట్టుకున్నది ఇదే. నా మట్టుకు వారి అభ్యంతరంలో పస ఉందనే అనిపిస్తుంది, అయితే ఫిషర్ వాదన ఆ ఒక్క పత్రం మీదే నిలబడలేదని కూడా మీరు గుర్తుంచుకోవాలి. దీనికి భిన్నంగా కొరియా యుద్ధం విషయంలో కాగితం నిజంగానే తగువును చాలావరకు తేల్చింది. 1994లో రష్యా అధ్యక్షుడు బోరిస్ యెల్త్సిన్ దక్షిణ కొరియాకు అందజేసిన సోవియట్ పత్రాలు వచ్చాక, దక్షిణ కొరియా మీద ఉత్తర కొరియా చేసిన 1950 జూన్ 25 దాడికి స్టాలిన్ అంగీకారం ముందే ఉందన్నదాన్ని తోసిపుచ్చడం దాదాపు అసాధ్యమైంది. అంతకుముందు రాసిన పుస్తకం ఈ విషయంలో వేరేగా చెబితే ఆ రచయితను తిట్టనక్కర్లేదు. ప్రచురణ సంవత్సరం చూస్తే చాలు. గ్రంథాలయంలో ఏ పుస్తకం తీసినా మొదట ఆ సంవత్సరాన్ని నోట్సులో రాసుకోండి.

నోట్సు పద్ధతి గురించి మీరు అడగలేదు గానీ, మార్పు అక్కడే మొదలు కావాలి. ఇప్పుడున్న తేదీల పట్టికను పారేయకుండా దాని పక్కన ఒక ఖాళీ వరుస గీసి, ఆ రోజుకు ఎవరికి ఏమి తెలుసో, ఎవరు దేనికి భయపడుతున్నారో అందులో రాయండి. చాలా చోట్ల ఆ వరుస నిండదు. నిండని చోట్లే మీరు చదవాల్సినవి. సిలబస్ అంతటికీ దీన్ని చేయాలని కూర్చుంటే ఏడాది చాలదు కాబట్టి, ఒక్కో అంశంలో ఒకటి రెండు ఘట్టాలను మాత్రమే ఇంత లోతుగా తీసుకుని, మిగతావాటికి పాఠ్యపుస్తకపు వెడల్పుతో సరిపెట్టుకోండి. నానాజాతి సమితి అంశానికి మంచూరియా మీద జపాన్ దాడి గానీ, అబిసీనియా (ఇథియోపియా) మీద ఇటలీ దాడి గానీ చాలు, రెండూ అక్కర్లేదు. నన్నడిగితే మంచూరియాయే తీసుకుంటాను: 1931 సెప్టెంబర్ 18న రైలు పట్టాల మీద పేలుడు జరిగితే, దాని మీద సమితి నియమించిన లిట్టన్ విచారణ కమిషన్ నివేదిక వెలువడింది 1932 అక్టోబర్‌లో. సమితి ఎందుకు విఫలమైందన్న ప్రశ్నకు ఈ రెండు తేదీల మధ్య దూరమే మంచి ప్రారంభం. ఐరోపా ఘట్టాలనే లోతుగా చదివి ఆసియా, ఆఫ్రికాలను చివరి వారానికి వదిలేసే అలవాటు విద్యార్థుల్లో చాలా ఎక్కువ. 29 ఆసియా, ఆఫ్రికా దేశాలు పాల్గొన్న 1955 బాండుంగ్ సమావేశాన్ని, 1956 సూయజ్ సంక్షోభాన్ని కూడా ఇదే కళ్లతో చదివితే, ప్రచ్ఛన్న యుద్ధం రెండు రాజధానుల మధ్య కథ మాత్రమే కాదన్న వాదన మీ చేతికి వస్తుంది.

పరీక్ష గదిలో ముప్పావు గంట వ్యాసానికి మొదటి ఐదారు నిమిషాలు పెన్ను కాగితం మీద పెట్టకుండా తీర్పు నిర్ణయించుకోవడానికి వాడండి. ప్రతి పేరా మొదటి వాక్యాన్నీ తేదీతో మొదలుపెట్టకూడదన్న నియమం ఒకటి పెట్టుకుంటే సగం రోగం దానంతటదే కుదురుతుంది. తేదీ రెండో వాక్యంలో రావచ్చు, అక్కడ దానికి పని ఉంటుంది.

సబ్జెక్టు మార్చుకోవాలా అన్నదానికి: మీ ఉత్తరంలో అందుకు తగిన కారణం నాకు కనబడలేదు. చదవడం విసుగనిపిస్తే, ఒక నాయకుడు ఎందుకు అలా చేశాడో తెలుసుకోవాలన్న కుతూహలమే లేకపోతే, అప్పుడు మార్చుకోవడం గురించి ఆలోచించవచ్చు. చరిత్రకారులు ఒకరితో ఒకరు ఏకీభవించకపోవడం మిమ్మల్ని ఇబ్బంది పెడుతోందంటే మీకు ఆ కుతూహలం ఉన్నట్టే. అధ్యాపకులు వ్యాఖ్య రాసి తిప్పి ఇచ్చిన చివరి వ్యాసాన్ని తీసుకుని, దానిలోని ఏ రెండు పేరాల్లో వాదన లేదో వారినే గుర్తుపెట్టి చూపించమని అడగండి, ఆ రెంటినీ పైన చెప్పిన పద్ధతిలో తిరగరాసి మళ్లీ చూపించండి. ఒక టర్ము పాటు ఇలా చేశాక కూడా అదే వ్యాఖ్య వస్తుంటే, తిరగరాసిన పేరాలను జతచేసి నాకు మళ్లీ రాయండి.